రోల్ నంబర్ ఇరవై ఏడు

మొదటే చెప్పేస్తున్నాను, ఈవిడంటే నాకు ఒళ్ళు మంట. ఇవాళా నిన్నా కాదు, ఇరవై రెండేళ్ళ మంట. మా కాలేజీ వాళ్ళు పాత విద్యార్థినుల గురించి ఏదో పుస్తకం వేస్తున్నారట. మీ బ్యాచ్‌లో ఒకరి జీవితం గురించి నాలుగు పేజీలు రాసివ్వమని నాకు ఉత్తరం పంపారు. వాళ్ళ ఉద్దేశం నాకు తెలియకపోలేదు. పెద్ద కంపెనీ, అద్దాల గది, చేతి కింద నలభై మంది ఉన్నదాన్ని కదా, నా గొప్పలు నేనే రాసుకుంటానని వాళ్ళ ఆశ. రాసుకునేదాన్నే. పోయిన ఆదివారం మా చెల్లెలి ఇంట్లో ఆ గొడవ జరక్కపోతే ఈపాటికి రాసి పంపేసి ఉండేదాన్ని కూడా. ఇప్పుడు మాత్రం తాళం గురించి రాస్తున్నాను.

తాళం అనేది మేం పెట్టిన వెక్కిరింపు పేరు. వాళ్ళ నాన్న బస్టాండు ఎదురుగా రోడ్డు మూల మీద గొడుగు పాతుకుని, చెక్కపెట్టె ముందేసుకుని తాళాలు బాగుచేసేవాడు, మారు తాళంచెవులు చేసేవాడు. సాయంత్రం కాలేజీ వదిలాక ఈ పిల్ల నేరుగా ఆ గొడుగు కిందికే వెళ్ళి ఆకురాయి పట్టుకుని తాళంచెవులు అరగదీస్తూ కూర్చునేది. చేతివేళ్ళకు ఎప్పుడూ ఇత్తడి పొడి అంటుకుని ఉండేది. ఆ పేరుకు ఇంకో కారణం కూడా ఉంది. ఆమె నోరు విప్పదు. అడిగినదానికి జవాబు చెప్పి ఊరుకుంటుంది. నేనేమో వాగుడుకాయను. ఈ మాట మా అమ్మ దగ్గర్నుంచి మా కంపెనీ డైరెక్టర్ దాకా అందరూ అన్నదే.

మాది ఆడపిల్లల కంప్యూటర్ కాలేజీ. మగపిల్లలున్న కాలేజీ అయితే మా నాన్న గడప దాటనిచ్చేవాడు కాదు, తాళం వాళ్ళ నాన్న మాత్రం ఫీజు తక్కువని పంపాడు. నలభై మందిమి, పద్నాలుగు మెషిన్లు. అందులో రెండు ఎప్పుడూ జబ్బుపడి ఉండేవి. మెషిన్‌కి ముగ్గురం, అదీ ఒక్కో జట్టుకు ఇరవై నిమిషాలే. అందుకని మా ల్యాబ్ మేడమ్ ఒక పద్ధతి పెట్టింది. ప్రోగ్రాం ముందు కాగితం మీద రాయాలి. తర్వాత గళ్ళు గీసి, ఒక్కో గడిలో ఒక్కో విలువ వేసి, అది మారినప్పుడల్లా పాతది పెన్సిల్‌తో కొట్టేసి పక్కన కొత్తది రాస్తూ, మెషిన్ చేసే పనంతా మనమే చేయాలి. దీన్ని ‘చేత్తో నడపడం’ అనేవాళ్ళం. ఏ ఫైల్ వాడతామో ఆ ఫైల్ పై మూడు వరుసలు అసలువే తీసుకుని నడపాలి, సొంతంగా కల్పించకూడదు. ఆ కాగితం చూస్తే గానీ ఆవిడ మెషిన్ ముట్టుకోనిచ్చేది కాదు.

"తప్పు దిద్దుకుని రా. అప్పుడు సంతకం పెడతా" అనేది. మూడేళ్ళలో ఆ మాట ఎన్నిసార్లు విన్నానో నాకే తెలియదు.

ఆవిడ లెక్క సున్నా నుంచి మొదలయ్యేది. మెషిన్ లెక్క అలాగే కాబట్టి మన లెక్కా అలాగే ఉండాలనేది. ముందు బెంచీ సున్నా బెంచీ. రోల్ నంబర్లు కూడా సున్నా నుంచి ముప్పై తొమ్మిది దాకా. సున్నా వచ్చిన పిల్ల ఇంటికెళ్ళి ఏడిస్తే, మర్నాడు వాళ్ళ నాన్న చొక్కా చేతులు మడుచుకుంటూ వచ్చాడు. "మా అమ్మాయిని సున్నా అంటారా? మార్కులు చూశారా దానివి?" అని ఒకటే రంకెలు. మేడమ్ ఆయన్ని సున్నా బెంచీ మీదే కూర్చోబెట్టి గంటసేపు పాఠం చెప్పింది. వెళ్ళేటప్పుడు దండం పెట్టి వెళ్ళాడు పాపం.

ఇంకో పద్ధతి, ప్రోగ్రాం పైన పేరు రాయకూడదు. రోల్ నంబర్ ఒక్కటే రాయాలి. "పేరు చూస్తే మొహం గుర్తొస్తుంది, మొహం గుర్తొస్తే నా చెయ్యి ఊరుకోదు, మార్కులు అటూ ఇటూ అవుతాయి" అనేది మేడమ్. తాళం ఇరవై ఆరు. నేను ఇరవై ఏడు. పక్కపక్కనే కూర్చునేవాళ్ళం, ఒకే మెషిన్. మూడో మనిషి ఎప్పుడూ నిద్రపోయేది కాబట్టి లెక్కలోకి రాదు.

చదువైపోయిన ఏడాది ఒక కంపెనీ మా కాలేజీకి వచ్చింది. స్కూలు పరీక్షల మార్కులు కంప్యూటర్‌లో ఎక్కించి ఫలితాలు తయారుచేసే కంపెనీ అది. మగవాళ్ళు తప్ప ఎవరూ లేరు అందులో. డైరెక్టర్ మా ఇద్దర్ని తీసుకున్నాడు. మా కింది బ్యాచ్‌లో పద్దెనిమిది మందికి పరీక్ష పెట్టి ఎంపిక చేసి ఉంచాడు. "ఈ ఇద్దర్నీ ఆరు నెలలు చూస్తాం. బాగుంటే ఆ పద్దెనిమిది మందికీ ఉత్తరాలు ఇస్తాం" అన్నాడు. ఆ పద్దెనిమిది మందిలో మా చెల్లెలు ఒకతె. నాకంటే ఏడాది చిన్న, నాకంటే తెలివైనది. ఉత్తరం రాకముందే ఆఫీసుకని కొత్త చెప్పులు కొనుక్కుని, పెట్టెలోంచి తీసి ఇంట్లో తొడుక్కుని తిరిగి మళ్ళీ పెట్టెలో పెట్టేది.

ఆఫీసు గురించి చెప్పాలంటే నోరు పాడవుతుంది. ఆడవాళ్ళ బాత్రూం ఉంది గానీ తాళం వేసి ఉంది. లోపల కాగితం బండిళ్ళు, పాత ప్రింటర్లు. పక్క బిల్డింగుకు వెళ్ళి రమ్మన్నారు. వారం రోజులు వెళ్ళొచ్చాం. ఎనిమిదో రోజు ఈ మహాతల్లి తలపిన్ను ఒకటి తీసి, నిమిషంలో ఆ తాళం తెరిచి, బండిళ్ళన్నీ ఒక్కొక్కటే మోసుకొచ్చి టీమ్ లీడర్ బల్ల పక్కన పేర్చింది. ఆయన గుడ్లురిమి చూశాడు. "ఇవి మీవే కదండీ" అని వచ్చి కూర్చుంది. ఆ రోజు మాత్రం ఆమె నాకు నచ్చింది, అబద్ధమెందుకు.

మేం కాగితం మీద గళ్ళు గీసుకుంటుంటే వాళ్ళకు నవ్వులాట. "కాగితాలమ్మలు వచ్చారు" అనేవాళ్ళు. టీమ్ లీడర్ నా వెనక నిలబడి, "ఏమ్మా, మీ కాలేజీలో కరెంటు లేదా?" అనేవాడు. మిగతావాళ్ళు పగలబడి నవ్వేవాళ్ళు. తాళం తలెత్తేది కాదు, పెన్సిల్ చెక్కుకుని మళ్ళీ మొదలుపెట్టేది. నాకు మాత్రం తల కొట్టేసినట్టుండేది. వాళ్ళలాగా కుర్చీలో వెనక్కి వాలి నేరుగా టకటకా కొట్టాలని నా ఆరాటం.

ఐదో నెలలో పెద్ద పని వచ్చింది. తొమ్మిది వేల మంది పిల్లల ఫలితాలు. "ఆడపిల్లలిద్దరూ చూసుకోండి" అన్నాడు టీమ్ లీడర్. ఆయన ఎప్పుడూ మమ్మల్ని విడివిడిగా చూసినవాడు కాదు. ఫలితాలు తయారుచేసే ప్రోగ్రాం నేను రాయాలని, చెక్ చేసి సంతకం పెట్టడం తాళం పని అని మేమే పంచుకున్నాం. రెండు ఫైళ్ళు. ఒకదాంట్లో పిల్లల నంబర్లు, ఇంకోదాంట్లో మార్కులు. రెండూ వరసగా చదివి పక్కపక్కన పెట్టడమే పని. చంటిపిల్లలు కూడా చేస్తారు అనుకున్నాను. నేరుగా మెషిన్ మీద కొట్టేశాను. టీమ్ లీడర్ మొహం కూడా చూడకుండా వెనక నుంచే తెర చూసి, "ఇప్పుడు దారికొచ్చావు" అన్నాడు. ఉబ్బిపోయాను.

సాయంత్రం తాళం అడిగింది.

"చేత్తో నడిపిన కాగితం ఏది?"

"నడిపానే తల్లీ. ఇంటి దగ్గర ఉండిపోయింది."

"పై మూడు వరుసలు అసలు ఫైల్ లోవే వేశావా?"

"వేశానంటుంటే! నన్ను నమ్మవా?"

నమ్మింది. సంతకం పెట్టింది. నేను ఏ కాగితం మీదా ఏమీ నడపలేదు. అది నా అబద్ధం.

మార్కుల ఫైల్‌లో మొదటి వరుస మార్కు కాదు. ఎవరో గుమాస్తా శ్రద్ధగా ‘మార్కులు’ అని హెడ్డింగ్ పెట్టి ఉంచాడు. నంబర్ల ఫైల్‌లో అలాంటిదేమీ లేదు. నా ప్రోగ్రాం రెండింటినీ సున్నా వరుస నుంచి చదివింది. హెడ్డింగ్ అర్థంకాక దాన్ని సున్నా అనుకుని మొదటి పిల్లవాడికి ఇచ్చింది, మొదటివాడి మార్కులు రెండోవాడికి ఇచ్చింది, అలా తొమ్మిది వేల మందికీ ముందువాళ్ళ మార్కులు అంటగట్టుకుంటూ పోయింది. చేత్తో నడిపి ఉంటే మొట్టమొదటి గడిలోనే దొరికిపోయేది. పెన్సిల్ పట్టుకుని రెండు నిమిషాలు.

ఫలితాలు వచ్చిన రోజు ఆఫీసు గేటు ముందు జనం. పరీక్షకే రాని పిల్లవాడికి తొంభై ఒకటి. స్కూలుకే మొదటిది కావాల్సిన పిల్ల తప్పింది. ఒకాయన పలకంత కాగితం మీద మార్కులు రాసి ఊపుతూ "మా పిల్ల అన్నం మానేసి పడుకుంది, ఎవర్రా దీనికి బాధ్యులు?" అని గొంతు చించుకున్నాడు. కిటికీ అద్దం ఒకటి పగిలింది. అప్పుడు ఫైల్ తెరిచి చూసుకుంటే, హెడ్డింగ్ నన్ను చూసి నవ్వినట్టనిపించింది.

మధ్యాహ్నం డైరెక్టర్ గదిలో అందర్నీ నిలబెట్టారు.

"ఎవరు రాశారు ఈ దిక్కుమాలిన ప్రోగ్రాం?"

"ఆ లేడీస్ కాలేజీ అమ్మాయిలండి. ఇద్దర్లో ఎవరో" అన్నాడు టీమ్ లీడర్.

"ఇద్దర్లో ఎవరో ఏంటయ్యా?"

"ఇద్దరూ ఒకచోటే కూర్చుంటారు కదండీ."

ప్రోగ్రాం ప్రింటు బల్ల మీదే ఉంది. పైన ఇరవై ఏడు అని ఉంది. అదేమిటో ఆ గదిలో మా ఇద్దరికి తప్ప ఎవరికీ తెలియదు. ఏదో ఫైల్ నంబర్ అనుకున్నారు. కింద చెక్ చేసినవాళ్ళ సంతకం ఒక్కటే వాళ్ళకు అర్థమైంది.

"ఈ సంతకం ఎవరిది?"

"నాదండి. చెక్ చేసింది నేనే" అంది తాళం.

"రాసింది?"

ఆమె నా వంక చూసింది. నేను పగిలిన కిటికీ వంక చూశాను. గుక్క తిప్పుకోకుండా గంటలు గంటలు వాగే నాకు ఆ ఒక్క ముక్క నోట్లోంచి రాలేదు.

"చెక్ చేసింది నేనండి" అంది మళ్ళీ. అంతే.

"సరే, ఒప్పుకుంటోంది కదా" అని డైరెక్టర్ చేతులు దులుపుకున్నాడు. "ఆడపిల్లలు బుద్ధిగా చేస్తారని తెచ్చుకుంటే కొంప ముంచారు. ఈ పిల్లని ఇప్పుడే పంపించెయ్యండి. ఆ పద్దెనిమిది మందికీ ఉత్తరాలు లేవు. ఆ కాలేజీ పేరు ఇంక నా దగ్గర ఎత్తొద్దు." తర్వాత నా వైపు తిరిగి, "నువ్వు ఉండు. చూసి బుద్ధి తెచ్చుకో" అన్నాడు. తల ఊపాను.

ఆ సాయంత్రమే ఇంట్లో సంగతి తెలిసింది. మా చెల్లెలు ఏడవలేదు. కొత్త చెప్పులు తొడుక్కుని, నా చెయ్యి పట్టుకుని బస్టాండుకు లాక్కెళ్ళింది. గొడుగు కింద తాళం, వాళ్ళ నాన్న కూర్చుని ఉన్నారు. నడిరోడ్డు మీద, నలుగురూ చూస్తుండగా మా చెల్లెలు దుమ్మెత్తిపోసింది.

"నీకు లెక్క రాకపోతే ఇంట్లో కూర్చోవచ్చు కదే! పద్దెనిమిది మంది నోటి దగ్గర కూడు తన్నేశావు. నీ చేతులు పడిపోను. తాళాలు చేసుకునేదానికి నీకెందుకే కంప్యూటర్లు?"

వాళ్ళ నాన్న లేచి నిలబడ్డాడు. "ఏం చేసిందమ్మా మా పిల్ల?" అని అడిగాడు. మా చెల్లెల్ని కాదు, నన్ను. పెద్దదాన్ని, పక్కనున్నదాన్ని కదా. తాళం ఆకురాయి ఆపకుండా రాస్తూనే ఒక్కసారి తలెత్తి నన్ను చూసింది. నేను మా చెల్లెలి భుజం పట్టుకున్నాను.

"పోనీలే పద" అన్నాను.

అప్పట్నుంచి ఆమెంటే నాకు మంట. నా పేరు చెప్పి ఉంటే తిట్టుకునేదాన్ని, పోట్లాడేదాన్ని, నా ఉద్యోగం పోయేది, ఏడ్చి ఊరుకునేదాన్ని. చెప్పకుండా నా నెత్తిన ఇంత బండ పెట్టి పోయింది. మా ఇంట్లో భోజనాల దగ్గర మా చెల్లెలు ఆమెను ఆడిపోసుకున్నప్పుడల్లా నేనూ ఒక మాట కలిపేదాన్ని. మొదట్లో మింగుడుపడేది కాదు. తర్వాత అలవాటైపోయింది.

తాళానికి ఆ తర్వాత ఎక్కడా ఉద్యోగం దొరకలేదు. ఎక్కడికెళ్ళినా మా ఆఫీసుకు ఫోన్ చేసి కనుక్కునేవాళ్ళు. "ఆ మార్కుల పిల్లా?" అని ఇక్కడివాళ్ళు నవ్వేవాళ్ళు. ఒకట్రెండుసార్లు ఆ ఫోన్ నా బల్ల మీదే మోగింది. టీమ్ లీడర్‌కి అందించాను.

రెండేళ్ళకు మా ఆఫీసులో పాత ఫైళ్ళ బీరువా తాళంచెవి పోయింది. గుమాస్తా బస్టాండుకు వెళ్ళి తాళాలాయన్ని పిలిచాడు. ఆయనకు చూపు మందగించిందట, కూతురు వచ్చింది. చెక్కపెట్టె పట్టుకుని, చెప్పులు గుమ్మం దగ్గర విడిచి మరీ. ఆఫీసంతా గుసగుసలు. "మన ప్రోగ్రామరమ్మగారు" అన్నాడెవడో. ఆమె బీరువా ముందు మోకాళ్ళ మీద కూర్చుని, చెవి ఆనించి, నాలుగు నిమిషాల్లో తెరిచింది. లోపల పై అరలోనే ఆ ప్రోగ్రాం ప్రింటు ఉంది. తీసి చూసింది.

"ఇది మీకు కావాలా అండీ?"

"ఆ అరలోవన్నీ పాత కాగితాలకి వెయ్యాల్సినవే, పట్టుకుపో" అన్నాడు గుమాస్తా. ఆమె దాన్ని నాలుగు మడతలు పెట్టి పెట్టెలో వేసుకుంది.

మెట్ల దగ్గర పట్టుకున్నాను ఆమెను. గొంతు తగ్గించి అడిగాను.

"అది దేనికే నీకు? ఎవరికి చూపిస్తావు?"

"చూపించాలనుకుంటే ఆ రోజే చూపించేదాన్ని."

"మరి ఎందుకు చూపించలేదు? నన్నిలా కాల్చుకు తినడానికా?"

"నీ పేరు చెప్తే వాళ్ళు ఇద్దర్నీ పంపేసేవాళ్ళు. వాళ్ళకి నువ్వూ నేనూ ఒకటే. ఒకరైనా లోపలుంటే ఆ పిల్లలకి తలుపు తీస్తావనుకున్నా." పెట్టె ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకుంది. "తీశావా?"

ఎవరైనా వింటున్నారేమోనని వెనక్కి తిరిగి చూశాను.

"ఇంక నేను అడగాల్సింది ఏమీ లేదు. నువ్వు చెప్పాల్సిందే ఉంది" అని మెట్లు దిగి వెళ్ళిపోయింది. ఆ తర్వాత మొన్నమొన్నటిదాకా ఆమెతో మాట్లాడితే ఒట్టు.

నేను పైకెక్కాను. కంపెనీ పెరిగింది, నేనూ పెరిగాను. పదేళ్ళకు, ఏయే కాలేజీల నుంచి పిల్లల్ని తీసుకోవాలో ఆ జాబితా నా చేతికే వచ్చింది. పాత డైరెక్టర్ ఎప్పుడో వెళ్ళిపోయాడు. కొత్తాయన, "మీరు చదివిన కాలేజీ ఎందుకు లేదు ఇందులో?" అని కూడా అడిగాడు. "అక్కడ స్థాయి పడిపోయిందండి" అన్నాను. ఏటేటా ఆ పేరు నా చేత్తో నేనే కొట్టేశాను. భయం. అక్కడ్నుంచి ఏ పిల్ల వచ్చినా, పాత ప్రోగ్రాంల మీద ఆ ఇరవై ఏడు చూడగానే అది రోల్ నంబర్ అని ఇట్టే పట్టేస్తుంది. ఎవరిదని అడుగుతుంది. అందుకని పన్నెండేళ్ళలో ఒక్క పిల్లనీ గడప తొక్కనివ్వలేదు.

తాళం మూడేళ్ళు తాళంచెవులు చేసింది, రెండేళ్ళు జెరాక్స్ షాపులో టైపు కొట్టింది. మా ల్యాబ్ మేడమ్‌కు మోకాళ్ళు పట్టేసి మూడో అంతస్తు ఎక్కలేకపోతే, సాయానికని ఆమెను పిలిపించుకుంది. మేడమ్ రిటైరయ్యాక ల్యాబ్ తాళాలు ఆమె చేతికి వచ్చాయి. జీతం ఎంతో నాకు తెలియదు, గొప్పగా ఏమీ ఉండదు. ఇప్పుడు మెషిన్లు అరవై ఉన్నాయట, అందరికీ తలొకటి. అయినా కాగితం మీద నడపందే ముట్టుకోనివ్వదట. పిల్లలు తిట్టుకుంటారట. ఇవన్నీ నాకు మా చెల్లెలి కూతురు చెప్పింది. దానికి ఈ ఏడే ఆ కాలేజీలో సీటొచ్చింది. చేర్పించేటప్పుడు మా చెల్లెలు, "ఆ తాళం పాఠాలు చెబుతుందట, నీ మార్కులు పక్కదానికి వేస్తుందేమో చూసుకో" అంది. నేనూ నవ్వాను.

పోయిన ఆదివారం మధ్యాహ్నం వాళ్ళింటికి వెళ్ళాను. మా చెల్లెలు బట్టల షాపులో బిల్లుల కౌంటర్‌లో కూర్చుంటుంది, ఇరవై ఏళ్ళుగా. ఆదివారం ఒక్కటే ఇంట్లో ఉంటుంది. ఇస్త్రీ చేసుకుంటోంది. పిల్ల బల్ల దగ్గర పెన్సిల్ పట్టుకుని గళ్ళు గీస్తోంది.

"పెద్దమ్మా, ఇది చూడు, ఎంత చెత్తగా రాశారో!" అని కాగితం నా ముందుకు తోసింది.

జెరాక్స్‌కి జెరాక్స్ తీసి తీసి అక్షరాలు లావెక్కిపోయాయి. అయినా పైనున్న ఇరవై ఏడు తెలుస్తూనే ఉంది.

"ఇదెక్కడిదే?"

"మా ల్యాబ్ మేడమ్ ఇచ్చింది. ప్రతి ఏడూ మొదటి క్లాసులో అందరికీ ఇదే ఇస్తుందట. చేత్తో నడిపి తప్పు పట్టుకోవాలి. నాకు సున్నా వరుసలోనే దొరికిపోయింది. ఇంత గుడ్డిగా ఎవరు రాస్తారు పెద్దమ్మా!"

"ఇంకెవరు, అదే రాసుంటుంది" అంది మా చెల్లెలు, ఇస్త్రీపెట్టె ఆపకుండా. "తొమ్మిది వేల మందిని ముంచింది చాలక, నీకు తప్పులు పట్టడం నేర్పుతోందా?"

"ఆవిడ కాదమ్మా. ఆవిడ ఇరవై ఆరు. ఇదిగో, కింద చెక్ చేసినవాళ్ళ సంతకం పక్కన నంబర్ ఉంది. మేడమే చెప్పింది. ‘ఇందులో తప్పులు రెండు. ఒకటి రాసినావిడది, రెండోది చూడకుండా సంతకం పెట్టినావిడది. ఆ రెండోది నాది’ అంది. మరి ఇరవై ఏడు ఎవరు మేడమ్ అంటే, ‘ఆవిడే చెప్పాలి’ అంది."

ఇస్త్రీపెట్టె ఆగింది.

"వెనక ఇంకా ఉంది చూడు" అని పిల్ల కాగితం తిప్పింది. తాళం చేతిరాత. సున్నా నుంచి పదిహేడు దాకా, పద్దెనిమిది వరుసలు. ‘ఈ తప్పు వల్ల ఉత్తరం రానివాళ్ళు’ అని పైన ఉంది. పిల్ల చదవడం మొదలుపెట్టింది. "సున్నా, జెరాక్స్ షాపు. ఒకటి, బ్యాంకులో గుమాస్తా. రెండు, మళ్ళీ కంప్యూటర్ ముట్టలేదు. మూడు, చిన్నపిల్లల స్కూల్లో టీచర్. నాలుగు, తెలియదు, ఇంకా వెతకాలి…" అలా చదువుతూ పదకొండు దగ్గర ఆగింది. "‘బట్టల షాపులో బిల్లులు. మెషిన్ కంటే ముందే నోటితో మొత్తం చెప్పేస్తుంది.’ అమ్మా, ఇది నువ్వు కాదు కదా?"

మా చెల్లెలు ఇస్త్రీపెట్టె తీసి నిలబెట్టింది. వచ్చి కాగితం అందుకుంది.

"ఒకసారి షాపుకొచ్చింది ఆవిడ" అంది. మా చెల్లెలి నోట తాళాన్ని ‘ఆవిడ’ అనగా వినడం అదే మొదలు. "నేను మొహం తిప్పుకుని, పక్క కౌంటర్‌కి పొమ్మన్నాను. పోకుండా చాలాసేపు నిలబడి చూసింది." కాగితం మళ్ళీ ముందుకు తిప్పింది. "అక్కా, నువ్వూ ఆవిడా పక్కపక్కనే కదా కూర్చునేవాళ్ళు. నీ రోల్ నంబర్ ఎంత?"

నేను ఏదో అనబోయాను. జెరాక్స్ బాగా రాలేదన్నాను. టీ పెట్టవా అన్నాను. ఆ రోజుల్లో మెషిన్లు ఎలా ఉండేవో చెప్పబోయాను. వాళ్ళిద్దరూ నన్నే చూస్తున్నారు.

"ఇరవై ఏడు" అన్నాను.

పిల్ల చేతిలో పెన్సిల్ బల్ల మీద పెట్టేసింది. మా చెల్లెలు అరుస్తుందనుకున్నాను. అరవలేదు.

"బస్టాండు దగ్గర పక్కనే ఉన్నావు కదా."

"ఉన్నాను."

"‘పోనీలే పద’ అన్నావు."

"అన్నాను."

"ఆ కాలేజీ మీ జాబితాలో ఎందుకు లేదని ఎన్నిసార్లు అడిగాను నిన్ను! స్థాయి లేదన్నావు. కొట్టేసింది నువ్వేనా?"

"నేనే."

"మూడేళ్ళు పోతే దీన్ని కూడా కొట్టేసేదానివా?" అని కూతుర్ని చూపించింది.

కుర్చీ ఒకటి లాగి నా ముందు వేసింది. "ఇరవై రెండేళ్ళు ఆవిణ్ణి తిట్టాను. లేస్తే తిట్టాను, పడుకుంటే తిట్టాను, వాళ్ళ నాన్న ముందు తిట్టాను. ఆ తిట్లన్నీ నీవి. ఒక్కటి కూడా వదలకుండా నీకు అప్పజెప్పాలి. సున్నా నుంచి మొదలుపెడతా. కూర్చో."

కూర్చున్నాను. చీకటిపడేదాకా తిట్టింది. అయ్యాక నోట్‌బుక్కులోంచి కాగితాలు చింపి నా ముందు పడేసి, "కాలేజీ వాళ్ళు అడిగారన్నావుగా, రాయి. పైన పేరు కాదు, నీ నంబర్ వెయ్యి" అంది. ఆ కాగితాలే ఇవి.

రాసింది తీసుకుని బుధవారం ల్యాబ్‌కు వెళ్ళాను. మూడు అంతస్తులు ఎక్కేసరికి ఆయాసం. తాళం జుట్టు సగం నెరిసింది. కూర్చోమనలేదు. నిలబడే మొత్తం చదివింది, పెన్సిల్ పట్టుకుని, ఒక్కో వరుసా. ‘చేత్తో నడిపాను’ అని ఆ రోజు ఆమెతో చెప్పిన చోటికి వచ్చేసరికి ఆగింది. అక్కడ నేను ‘అది నా పొరపాటు’ అని రాశాను. ఆమె ‘పొరపాటు’ కొట్టేసి, పక్కన ‘అబద్ధం’ అని రాసింది. కాగితాలు నా చేతికిచ్చింది.

"జాబితాలో కాలేజీ పేరు రాశాను" అన్నాను. "ఇన్నేళ్ళూ ఎందుకు కొట్టేశానో కూడా రాసి డైరెక్టర్‌కి పంపాను. నన్ను ఉంచుతారో లేదో తెలియదు. కింద ఒక సంతకం పెట్టవే."

"తప్పు దిద్దుకుని రా" అంది. "అప్పుడు చూద్దాం."

దిద్దుకుని శుక్రవారం మళ్ళీ వెళ్ళాను. మళ్ళీ మొదటి నుంచి చదువుతోంది. ఇంకా సంతకం పెట్టలేదు.